మొలతాడు మీద రోమ్ నాణెం

అప్పటికే నూకరత్నం పిల్లాడి మొలతాడు ముడి విప్పడం మొదలుపెట్టింది. నేను గబుక్కున చెయ్యి అడ్డం పెట్టి, విప్పొద్దు, వాడి ఒంటి మీదే ఉండనీ అన్నాను. బయల్దేరేటప్పుడు మా యజమాని బాబుగారు నాకు చెప్పిన మాట అదొక్కటే. పసివాడి ఒంటి మీంచి ఏదీ తియ్యకూడదు.

పూడిమడకలో వాళ్ళింటి ముందు, ఎండబెట్టిన చేపల పక్కన గోనెపట్టా పరిచి పిల్లాణ్ణి వెల్లకిలా పడుకోబెట్టాం. బొడ్డు కింద నల్లటి మొలతాడు, దానికి అరిగిన వెండి బిళ్ళ. నా చేతిలో సిగరెట్ పెట్టెలోంచి తీసిన వెండికాగితం ముక్కలున్నాయి. బిళ్ళ మీద కాగితం వేసి వేలి కొసతో మెల్లగా రుద్దితే బొమ్మ కాగితం మీదకి దిగుతుంది. చిన్నప్పుడు బళ్ళో రూపాయి బిళ్ళతో అందరం చేసిందే. కాకపోతే ఆ రూపాయి బిళ్ళ కింద చక్కిలిగింతలు పుట్టే పొట్ట ఉండేది కాదు. వీడు నవ్వితే బిళ్ళ ఎగురుతోంది, కాగితం జారుతోంది. మొదటి ముక్క చిరిగిపోయింది. రెండోది వాడి ఉచ్చలో తడిసిపోయింది, నా చీర కూడా.

"ఏటమ్మా, దాన్నలా రుద్దుతన్నావు? అరిగిపోదా?" అంది నూకరత్నం.

అరగదు, బొమ్మ కోసం అన్నాను.

"బొమ్మేటుంది, గంగమ్మే కదా. కుర్సీలో కూకున్న గంగమ్మ. మా అత్త సెప్పింది."

మూడో కాగితం మీద బొమ్మ దిగింది. బిళ్ళ తిరగేసి రుద్దితే రెండోవైపుదీ దిగింది. దాన్ని సబ్బుపెట్టెలో దూది మధ్య పెట్టుకుని, బస్సులో అనకాపల్లి దాకా ఒళ్ళో గుడ్డు పెట్టుకున్నట్టు కూర్చున్నాను.

నా ఉద్యోగం

నా పేరు దయామణి. పది పాసయ్యాను, ఇంటర్ మొదటి ఏడు తప్పాను, ఆ తర్వాత పుస్తకం ముట్టలేదు. అనకాపల్లిలో కామేశ్వరరావు గారని బెల్లం వ్యాపారి ఉండేవారు. మేమంతా బాబుగారనేవాళ్ళం. ఆయన దగ్గర బెల్లం పని చేసేవాళ్ళు చాలామంది, నాణేల పని చేసేదాన్ని నేనొక్కదాన్నే. ఊళ్ళో ఇంకా ఇంటర్నెట్ సెంటర్లు కొత్తగా తెరుస్తున్న రోజుల్లో చేరి, ఆయన పోయేదాకా చేశాను. రిటైరయ్యానంటే మావాళ్ళు నవ్వుతారు, నాకింకా ముప్ఫై నిండలేదు. కానీ ఆ పని మా ఊళ్ళో ఒకటే ఉండేది, అది ఇప్పుడు లేదు. మరి దీన్ని ఏమనాలి?

వైజాగ్‌లో నాణేలు శుభ్రం చేసే పనిలో చేరుతున్న అమ్మాయిలిద్దరు ఎలా ఉంటుందో చెప్పమని మా ఇంటికొచ్చారు. టీ తాగినంత సేపట్లో చెప్పేది కాదు, అందుకని రాస్తున్నాను.

రోమ్ నాణెం అంటే నాకప్పటికి తెలీదు. చర్చిలో పాస్టరు గారు దేనారం అంటుంటే అదేదో పళ్ళెమంత బంగారు కాసు అనుకునేదాన్ని. బాబుగారు మొదటిరోజు నా అరచేతిలో ఒకటి పెట్టారు. చొక్కా గుండీ అంత వెండి ముక్క. ఇదేనా అన్నాను, నా మొహం చూసి ఆయన చాలాసేపు నవ్వారు. ఆయనకి వాటి ఖరీదు మీద ధ్యాస లేదు. ఎవరు ముట్టుకున్నారు, దీనితో ఏం కొన్నారు, ఏ ఓడలో ఎక్కింది, ఇదే గోల. రెండువేల ఏళ్ళ కింద రోమువాళ్ళు మన దేశపు బట్టల కోసం, మిరియాల కోసం ఓడల మీద వెండి, బంగారం పంపేవారట. అది చెబుతుంటే ఆయన గొంతు మారిపోయేది. బెల్లం ధర చెప్పేటప్పుడు ఎప్పుడూ అలా మారలేదు.

నాణేలు బయటి దేశాల నుంచి పోస్టులో వచ్చేవి. నాణేల్లా ఉండవు, ఎండిన మేకపెంటికల్లా ఉంటాయి. వాటిని ఐస్‌క్రీమ్ కప్పుల్లో వేసి, కారు బ్యాటరీకి పోసే డిస్టిల్డ్ నీళ్ళలో నానబెట్టాలి. కుళాయి నీళ్ళు వద్దు. నానాలి, నీళ్ళు మార్చాలి, మళ్ళీ నానాలి. నెలలు పడుతుంది. మట్టి మెత్తబడ్డాక తుమ్మముల్లుతో అంచు నుంచి లోపలికి ఒక్కో రవ్వా లేపాలి. ఇనప సూది పెట్టారా, రాజుగారి చెంప మీద గీత పడుతుంది, అది ఇంక చెరగదు. అందరూ ఇది శుభ్రం చేసే పని అనుకుంటారు. కాదు, చెయ్యి ఆపుకునే పని.

శుభ్రమయ్యాక భయం ఇంకా ఎక్కువ. చేతి చెమట తగలకూడదు. ఉప్పుగాలి తగలకూడదు. రాగి బిళ్ళ మీద లేతాకుపచ్చ పొడి లేచిందంటే అది లోపల్నుంచి తినేస్తుంది. బాబుగారు దాన్ని జబ్బు అనేవారు, జబ్బు నాణేన్ని తీసి వేరే పెట్టేవాళ్ళం. మా గది బెల్లం గోదాము వెనక. వర్షాకాలం బెల్లం కారి గోడలు కూడా తీపెక్కేవి. చీమలకి భయపడి బల్ల కాళ్ళ కింద నీళ్ళగిన్నెలు పెట్టేదాన్ని.

నేను మొదట శుభ్రం చేసిన రాగి బిళ్ళ ఆయన నాకే ఇచ్చేశారు. ఒకవైపు రాజు తల, రెండోవైపు ఇటుకలు పేర్చిన కోటగుమ్మం, దాని మీద ఒక చుక్క. "అనాథ నాణెం. నువ్వు పెంచుకోమ్మా" అన్నారు. ఎక్కడ దొరికిందో తెలియని నాణేన్ని ఆయన అనాథ అనేవారు. నిజానికి ఆ గదిలో ఉన్నవన్నీ అనాథలే.

చింతపండు

బల్ల మీద మా ఇద్దరికీ కనబడేలా ఒక గాజుమూత కింద గులాబీ రంగు రాగి ముక్క ఉండేది. బొమ్మ లేదు, అక్షరం లేదు. అది బాబుగారి మొట్టమొదటి రోమ్ నాణెం. కుర్రతనంలో ఎవరో ఇస్తే సంబరపడిపోయి, ఇంటికి తెచ్చి, వాళ్ళమ్మగారు బిందెలు తోమే చింతపండుతో తోమేశారట. తళతళలాడిందట. వీధిలో అందరికీ చూపించారట. ఏం పోయిందో తెలియడానికి ఏళ్ళు పట్టిందన్నారు.

ఇది మన ఇళ్ళలో పుట్టిన జబ్బు. పాత వస్తువు కనబడితే మన చెయ్యి చింతపండు మీదకి పోతుంది. చుట్టం వస్తున్నాడంటే ముందు ఇత్తడి తోముతాం. మెరవని వస్తువు చేతికిస్తే ఎదుటి మనిషికి మర్యాద చెయ్యనట్టు మనకి. నాణెం మీది నల్లదనం మురికి కాదు, దాని చర్మం అని బాబుగారు చెప్పేవారు. మీ దగ్గరకి నాణెం తెచ్చేవాళ్ళు నూటికి తొంభైమంది, పాపం, మీకు మర్యాద చేసే తెస్తారు. వాళ్ళ మీద కేకలెయ్యకండి. బాబుగారు వేసేవారు, అది నాకు నచ్చేది కాదు.

ఆయనలో నాకు నచ్చనిది ఇంకోటి కూడా ఉంది. నాణెం చుట్టూ ఉండే అక్షరాలు చదవడం నేర్పమని అడిగితే, "అది నీకెందుకమ్మా, నీ చెయ్యి మంచిది, అది సాలు" అన్నారు. ఆ మాట చాలా రోజులు గుచ్చుకుంది. మంచి మనిషి కూడా ఒక్కోచోట తలుపేసేస్తాడు. మీరు అడగడం మానకండి.

ఎక్కడిది?

ఒకసారి పట్నం నుంచి సఫారీ వేసుకున్న ఒకాయన వెండి నాణెం తెచ్చాడు. ఇక్కడ బౌద్ధుల కొండ దగ్గర తవ్వకంలో దొరికిందన్నాడు. బాబుగారు బొమ్మ చూడనే లేదు. ఎక్కడ అన్నారు. ఎంత లోతులో అన్నారు. ఎవరు తవ్వారు, మట్టి ఏ రంగు అన్నారు. కాఫీ వచ్చేసరికి కొండ దగ్గర దొరికింది కాస్తా ఏటి ఒడ్డున దొరికింది, కాఫీ గ్లాసు కింద పెట్టేసరికి మావగారి పెట్టెలో దొరికింది. అది మూసలో పోసిన దొంగ నాణెం. అంచు మీద అతుకు నాకూ కనబడింది.

భూమిలో దొరికిందని ఎవరైనా తెస్తే మటుకు బాబుగారు చేత్తో ముట్టేవారు కాదు. ముందు తాసిల్దారుకి చెప్పి రా అనేవారు. ఒక్కళ్ళూ తిరిగి రాలేదు.

సఫారీ ఆయన్ని గుమ్మం దాకా సాగనంపి బాబుగారు వెనక్కొచ్చారు. ఆ తర్వాత చెప్పారు. బొమ్మ ఎవరిదో పుస్తకం చూస్తే తెలుస్తుంది, ఎక్కడిదో మాత్రం నాణెం తెచ్చినవాడే చెప్పాలి, వాడు చెప్పకపోతే అది పోయినట్టే. ఈ గదిలో ఉన్నవి ఇప్పుడు పోస్టులో తెప్పించుకున్నవి. అప్పుడు, ఆ ఓడల మీద, మన ఒడ్డుకి వచ్చినది ఒక్కటి, ఒక్కసారి అరచేతిలో పెట్టుకోవాలని ఉందమ్మా అన్నారు. అప్పటికే ఆయన కాళ్ళు వాచి ఉన్నాయి. వైజాగ్ తీసుకెళ్ళి డయాలసిస్ మొదలుపెట్టారు.

తనంతట తనే వచ్చింది

నూకరత్నం మా వీధిలోకి ఎండుచేపలు అమ్మడానికి వచ్చేది. తల మీద గంప, చంకలో పిల్లాడు. ఒకరోజు మా అమ్మ బేరమాడుతుంటే పిల్లాడు నా ఒళ్ళోకొచ్చాడు. మొలతాడు మీద బిళ్ళ చూశాను. అంచు చుట్టూ చుక్కల వరస, మెడ దాకా కనబడే తల, ముక్కు. నేను పోస్టు మట్టిలోంచి తీసిన మొహాలే, కాకపోతే ఇది పసివాడి పొట్ట మీద.

పరిగెత్తుకెళ్ళి చెప్పాను. బాబుగారు చెప్పులు కూడా వేసుకోకుండా లేచి నిలబడ్డారు, మళ్ళీ కూలబడ్డారు. కొంటానని అడగనా అంటే కోపమొచ్చింది. దాని పని అది సేసుకుంటంది, దాన్ని కదపకు, బొమ్మ మాత్రం పట్టుకురా అన్నారు. అలా నేను వెండికాగితంతో పూడిమడక వెళ్ళాను.

నూకరత్నం వాళ్ళింట్లో ఆ బిళ్ళ ఎప్పట్నించి ఉందో ఎవరికీ తెలీదు. అత్తకి వాళ్ళత్త ఇచ్చింది, ఆవిడకి ఇంకో అత్త. గంగమ్మే ఒడ్డున పెట్టి వెళ్ళిందంటారు. ఇంట్లో బిడ్డ పుడితే మొలతాడుకి కడతారు, బిడ్డ నడిచి, పరిగెత్తి, ఇంక దిష్టి తగలదన్నాక విప్పి తర్వాతి బిడ్డకి కడతారు.

నేను తెచ్చిన కాగితాన్ని బాబుగారు కిటికీ దగ్గర పెట్టుకుని చూశారు. రాజు జుట్టు చుట్టూ ఆకుల దండ. వెనక కుర్చీలో కూర్చున్న ఆడమనిషి, ఒక చేతిలో కర్ర, ఒక చేతిలో కొమ్మ. వాళ్ళ గంగమ్మ. చర్చిలో నేను విన్న దేనారం కూడా ఈ రాజుదే అయ్యుంటుందని బాబుగారన్నారు. నాకు కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి, ఎందుకో అడగకండి.

"ఇది పోస్టులో రాలేదమ్మా. తనంతట తనే వచ్చింది" అన్నారు.

ఆయనకి చూపు మందగిస్తోంది. ఆ వారం నుంచి కాగితం మీది అక్షరాలు ఒక్కొక్కటీ నాకు నేర్పడం మొదలుపెట్టారు. నేను చదివితే ఆయన వినేవారు. మంచం మీద పడుకుని, ఒక్క రోజు ఒంట్లో బాగుంటే కారు కట్టించుకుని పూడిమడక పోయి, ఆ గోనెపట్టా మీదే కూర్చుని, పిల్లాణ్ణి ఒళ్ళో పెట్టుకుని చూస్తానని రోజూ చెప్పేవారు. ఆ ఒక్క రోజు రాలేదు. డయాలసిస్ రోజు నీరసం, మర్నాడు జ్వరం.

కొత్త బిళ్ళ

చేపలకొచ్చినప్పుడల్లా నూకరత్నం ఆయన ఎలా ఉన్నారని అడిగేది. ఆ కాగితం పట్టుకునే నిద్రపోతున్నారని నేను చెప్పేదాన్ని. వింటూ పిల్లాడి వీపు నిమురుతూ ఉండేది.

ఒకరోజు గంప లేకుండా వచ్చింది. ఉతికిన చీర, నూనె పెట్టి దువ్విన తల, పువ్వులు. బాబుగారి మంచం దగ్గరకి తీసుకెళ్ళాను. పిల్లాడు చంకలో ఉన్నాడు. మొలతాడు మీద బిళ్ళ లేదు, ఉత్త ముడి ఉంది.

కొంగుముడి విప్పి, పసుపు గుడ్డలోంచి బిళ్ళ తీసింది. కొత్తది. అద్దంలా మెరుస్తోంది. దాని మీద అమ్మవారి బొమ్మ, చుట్టూ పూలతీగ.

"బాబుగోరు మెళ్ళో కట్టుకోవాలి. అందుకని తెచ్చేను" అంది.

పాతదేది అన్నాను.

"అదే ఇది. పాతదాన్నలాగే ఎలా ఇత్తాను తల్లీ? ఎందరు పిల్లల దిష్టి తాగిందో అది. ఒంట్లో బాగోని మనిసికి ఆ దిష్టంతా అంటగడతానా? నిప్పులో పడితేనే పోద్ది. కంసాలి ముందు కూకుని నా కళ్ళెదురుగా కరిగించేను. రవ్వంత కూడా ఏరేది కలపనివ్వలేదు. అంతా ఆ వెండే."

బాబుగారు చింతపండుకే కేకలేసే మనిషి. ఇప్పుడేమంటారోనని ఆయన వైపు చూడలేకపోయాను.

ఆయన చెయ్యి చాచారు. నూకరత్నం బిళ్ళని అరచేతిలో పెట్టింది. ఆయన బొటనవేలితో దాని మొహం తడిమారు, వెనక్కి తిప్పి వీపు తడిమారు, అంచు తడిమారు. అంచు చుట్టూ చుక్కలు లేవు.

"మంచి పని సేసేవమ్మా. నువ్వే కట్టు" అన్నారు.

ఆమె ఆయన తల లేపి, నల్లతాడు మెళ్ళో వేసి ముడేసింది. పిల్లాడికేం కడతావని ఆయనే అడిగారు. బాబుగారు లేచి తిరిగాక వాడికి వేరేది కడతానంది. ఒకటి పనిలో ఉండగా ఇంకోటి కట్టకూడదట.

ఆమె వెళ్ళాక నేను ఏడ్చేశాను. అదేంటో ఆమెకి చెప్పాల్సింది కదా, ముందే చెప్పాల్సింది కదా అని ఆయన మీదే కోప్పడ్డాను. ఆయన నన్ను ఏడవనిచ్చారు. తర్వాత అన్నారు:

"ఆవిడికి ఎప్పుడూ సెప్పకు, దయమ్మా. బొమ్మ పోయింది, వెండి పోలేదు కదా. సముద్రం దాటొచ్చిన వెండి అదే."

అని గోడ వైపు తిరిగి పడుకున్నారు. ఆయన భుజం కదులుతూనే ఉంది. కాసేపటికి అటు తిరిగే చెయ్యి వెనక్కి చాచి వెండికాగితం అడిగారు. అప్పట్నించి అది ఆయన కళ్ళజోడు పెట్టెలో ఉండేది.

నేనూ నూకరత్నానికి చెప్పలేదు. ఆమె చదవదు, నేను రాసింది ఆమె దాకా వెళ్ళదని నమ్మి రాస్తున్నాను. మీలో ఎవరైనా పూడిమడక వైపు వెళ్తే దయచేసి నోరు కట్టుకోండి. ఉద్యోగంలో నేర్చుకున్నదంతా బయటికి చెప్పడానికి కాదు.

ఆఖరు

కొత్త బెల్లం మార్కెట్‌కి రాకముందే బాబుగారు పోయారు, మెళ్ళో ఆ బిళ్ళతోనే.

ఇంట్లోవాళ్ళకి ఆ నాణేలు ఏం చెయ్యాలో తెలీదు. పట్నం నుంచి కొనేవాడు వచ్చాడు. ఒక్కో నాణెం ఒక్కో కాగితం కవరులో, దాని మీద ఆయన చేతిరాతలో తెలిసినంత కథ. అతను కవర్లు చింపి నాణేలన్నీ ఒక్క సంచిలో గలగలా పోశాడు. ఆ చప్పుడు విని నేను బయటికొచ్చేశాను. ఎవర్నీ తిట్టను, వాళ్ళు బెల్లం తెలిసినవాళ్ళు. నా ఉద్యోగం మాత్రం ఆ చప్పుడుతో అయిపోయింది.

పెద్దకర్మ నాడు అమ్మగారు, అంటే ఆయన భార్య, నన్ను లోపలికి పిలిచి కళ్ళజోడు పెట్టె చేతిలో పెట్టారు. తెరిచి చూశాను. వెండికాగితం ఉంది. మొహం లేదు. ఆకుల దండ లేదు, కుర్చీ లేదు, నేను నేర్చుకున్న అక్షరాలు లేవు. చదునుగా మెరుస్తోంది. నాణెం మీద నా వేలు పడితే ఇంతెత్తున లేచే మనిషి, చూపు పోయాక ఆ కాగితాన్ని బొటనవేలితో తడిమి తడిమి అరగదీసేశారు.

నూకరత్నం వచ్చింది. భోజనాల దగ్గరకి రాకుండా పెరట్లో గోడవార కూర్చుంది. పిల్లాడు అప్పటికి తప్పటడుగులు వేస్తున్నాడు. మొలతాడు మీద ఇంకా ఉత్త ముడే.

"నిప్పు సాల్లేదేమో తల్లీ" అంది. "ఇంకాసేపు ఉంచమనాల్సింది కంసాల్ని."

కాదు, నిప్పు వల్ల కాదు, ఆయనకి కిడ్నీలు పోయాయి అని చెప్పాను. విన్నది, తల ఊపింది, నమ్మలేదు. వాడికింకేదీ కట్టనంది. తన చెయ్యి మంచిది కాదంది.

మర్నాడు పొద్దున్నే మొదటి బస్సుకి పూడిమడక వెళ్ళాను. పడవలు అప్పుడే ఒడ్డుకొస్తున్నాయి. పిల్లాడు ఇసకలో ఆడి ఒళ్ళంతా చెమటతో ఉన్నాడు, సముద్రం మీంచి ఉప్పుగాలి కొడుతోంది. కోటగుమ్మం, చుక్క ఉన్న నా రాగి బిళ్ళకి చుట్టూ నల్లతాడు అల్లి తెచ్చాను, కన్నం పెట్టడానికి చేతులు రాలేదు. బాబుగారిచ్చింది అన్నాను. అది అబద్ధం కాదు. నూకరత్నం దాన్ని అటూ ఇటూ తిప్పి, నిప్పులో పెట్టాలా అని అడిగింది. వద్దు, దీన్ని ఎప్పుడూ పెట్టకు అన్నాను.

"ఇదెక్కడిది తల్లీ?" అంది.

"ఇక్కడిదే" అని, పిల్లాణ్ణి దగ్గరకి లాక్కుని వాడి మొలతాడుకి కట్టేశాను.